108 ఆగకూడదు, సరే. మరి జీతం?

జూడాలు సమ్మె నోటీసు ఇచ్చారని పేపర్లో పడ్డ రోజు మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒకటే గోల. "ప్రాణాలతో చెలగాటమేంటండీ, ఎస్మా పెట్టి లోపలెయ్యాలి" అని ఒకాయన అంటాడు. "వాళ్ళూ మనుషులే కదా, ఆరు నెలలు జీతం రాకపోతే నువ్వు కోడ్ రాస్తావా?" అని ఇంకొకావిడ అడుగుతుంది. పెరుగన్నం అయ్యేసరికి చర్చ కూడా అయిపోతుంది. మళ్ళీ సమ్మె వచ్చేదాకా ఎవరికీ గుర్తుండదు.

నా మట్టుకు నేను ఎటువైపో ముందే చెప్పేస్తాను. క్యాజువాలిటీ, ఐసీయూ, కాన్పుల వార్డు, 108 బండి ఆగకూడదు. వాటిల్లో సమ్మెను చట్టంతో ఆపినా నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక మనిషి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని లాక్కుంటున్నప్పుడు బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి కదా. మన ఎస్మా లాక్కోవడం వరకే చేస్తుంది. నా పేచీ అంతా అక్కడే.

అసలు "అత్యవసరం" అంటే ఏమిటో తేల్చుకోవాలి ముందు. మన ఆంధ్రప్రదేశ్ ఎస్మా చట్టం 1971 నాటిది. ఫలానా సేవ అత్యవసరం అని సర్కారు ఒక జీవో ఇస్తే చాలు, అందులో సమ్మె నేరం అయిపోతుంది. ఈ సౌకర్యం ఎంత దూరం పోయిందో గుర్తుందా? 2023 డిసెంబర్‌లో ఆంధ్రలో అంగన్వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగారు. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ళ మీద కూడా ఎస్మా ప్రయోగించింది, ఆరు నెలల పాటు సమ్మెలు నిషేధం అంటూ. అంగన్వాడీ పని ముఖ్యం కాదని నేననను. పిల్లలకి గుడ్డు, పాలు అందకపోవడం చిన్న విషయమేం కాదు. కానీ గుండెపోటు వచ్చిన మనిషి పక్కన డాక్టరు లేకపోవడం, అంగన్వాడీ సెంటరుకి తాళం పడటం ఒకే గాటన కట్టే విషయాలా? తమాషా ఏంటంటే, పని అత్యవసరమైనదే గానీ చేసేవాళ్ళకి ఇచ్చేది మాత్రం జీతం కాదు, "గౌరవ వేతనం". అప్పట్లో టీచరుకి నెలకి 11,500.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ గీత చాలాకాలం కిందటే గీసింది. ఏ సేవ ఆగితే జనం ప్రాణానికో, ఆరోగ్యానికో, భద్రతకో ముప్పు వస్తుందో అందులోనే సమ్మెను నిషేధించవచ్చు అంటుంది. ఆస్పత్రులు ఆ లెక్కలోకి వస్తాయి. మనవాళ్ళు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తారు. తర్వాతి వాక్యం కూడా ఉంది. అలా హక్కు కోల్పోయిన వాళ్ళకి దానికి సరిపడా రక్షణ ఇవ్వాలి: ఇరుపక్షాలూ నమ్మే, తొందరగా తేల్చే మధ్యవర్తిత్వం, ఇచ్చిన తీర్పు ఇద్దరూ కట్టుబడేలా. ఎస్మాలో ఈ రెండో సగం ఎక్కడుంది?

మన భాషలో చెప్పాలంటే ఇది ఆన్‌కాల్ డ్యూటీ లాంటిది. ప్రొడక్షన్ సపోర్టులో ఉన్నవాడు రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేవాల్సిందే. "ఈ రోజు మూడ్ లేదు" అంటే కుదరదు. మనం ఒప్పుకుంటాం. ఎందుకు? షిఫ్టు అలవెన్సు ఉంటుంది, కాంప్ ఆఫ్ ఉంటుంది, రోటాలో వచ్చే వారం ఇంకొకడు ఉంటాడు. ఇవేవీ లేకుండా "సర్వర్ పడిపోతే నీదే బాధ్యత, రిజైన్ చేస్తే జైలు" అంటే మనలో ఎంతమంది ఆ ప్రాజెక్టులో ఉంటారో చెప్పండి. పోలిక అంతవరకే లెండి. మన సర్వర్ పడిపోతే ఎవడో షాపింగ్ చేసుకోలేకపోతాడు, అంతే.

ఇక జూడాలు. వాళ్ళు సమ్మె అనగానే రోగుల్ని గాలికొదిలేశారని హెడ్డింగులు పెడతారు గానీ, చాలాసార్లు మొదట చేసేది అది కాదు. 2024 జూన్‌లో తెలంగాణ జూడాలు ఓపీ, ముందే డేటు ఇచ్చిన ఆపరేషన్లు బహిష్కరించారు, ఎమర్జెన్సీ నడిపారు. కోల్‌కతాలో ఆర్జీ కర్ ఆస్పత్రి ఘోరం తర్వాత 2024 ఆగస్టు 17న ఐఎంఏ దేశమంతా 24 గంటలు సమ్మె చేసినప్పుడు కూడా ఎమర్జెన్సీకి మినహాయింపు ఇచ్చారు. అంటే చట్టం గీయాల్సిన గీత వాళ్ళే గీసుకున్నారు.

దీని మీద ఒక ఆసక్తికరమైన అధ్యయనం ఉంది. 1976లో లాస్ ఏంజిలెస్ డాక్టర్లు ఇన్సూరెన్సు ప్రీమియం పెరిగిందని పనులు ఆపేశారు. అది మొదలుకొని 2003 దాకా వివిధ దేశాల్లో జరిగిన డాక్టర్ల సమ్మెల మీద వచ్చిన పరిశోధనల్ని 2008లో కొందరు ఒకచోట చేర్చి చూశారు. ఆ సమ్మెల కాలంలో మరణాలు పెరగలేదు, కొన్నిచోట్ల తగ్గాయి కూడా! వెంటనే "చూశారా, డాక్టర్లు లేకపోతేనే నయం" అని జోకులు వేసేవాళ్ళుంటారు. కారణం మామూలుదే. వాయిదా వేయగల ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, ఎమర్జెన్సీ మాత్రం చాలాచోట్ల నడిచింది.

కానీ ఈ అధ్యయనం పట్టుకుని మన దగ్గర నిశ్చింతగా కూర్చోలేం. లాస్ ఏంజిలెస్‌లో ఒక ఆస్పత్రి కాకపోతే ఇంకోటి. విశాఖ కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచీ, ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచీ బస్సెక్కి వచ్చే మనిషికి ఇంకోటి లేదు. ఓపీ మూసేశారంటే ఆయన ఆ రోజు కూలీ పోగొట్టుకుని, ఛార్జీలు పెట్టుకుని, మందు లేకుండా వెనక్కి పోతాడు. కెన్యాలో 2016 డిసెంబర్ నుంచి 2017 మార్చి దాకా ప్రభుత్వ డాక్టర్లు 100 రోజులు సమ్మె చేశారు. డబ్బున్నవాళ్ళు ప్రైవేటుకి పోయారు, లేనివాళ్ళు ఎక్కడికి పోతారు? కోల్‌కతా సమ్మెలో 23 మంది వైద్యం అందక చనిపోయారని బెంగాల్ ప్రభుత్వం సుప్రీంకోర్టులో చెప్పింది. సీనియర్లు పనిచేస్తూనే ఉన్నారు, ఈ లెక్క తప్పు అని జూడాలు అన్నారు. ఎవరి మాట నిజమైనా, "ఎమర్జెన్సీ నడుస్తోందిగా" అన్నంత మాత్రాన అందరూ క్షేమం అనుకోలేం. డయాలిసిస్ వారానికి రెండు మూడుసార్లు చేయించుకునేవాడికి ఒక వారం ఓపీ బంద్ అంటే ఏమవుతుంది? కీమో మధ్యలో ఉన్నవాళ్ళ సంగతి? కాబట్టి ఆగకూడని వాటి జాబితాలో డయాలిసిస్, కీమో కూడా చేర్చాలని నా అభిప్రాయం. జూడాలకి ఇది నచ్చకపోవచ్చు.

సరే, ఆపకూడనివి ఆపకుండా ఉన్నందుకు వాళ్ళకి దక్కేదేమిటి?

రెసిడెంటు డాక్టరు ఏకబిగిన 12 గంటలకి మించి, వారానికి 48 గంటలకి మించి పనిచేయకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. మా బావమరిది పీజీ చేసినప్పుడు (ఎక్కడ అనేది వదిలేయండి) ఆదివారం పొద్దున వెళ్ళి సోమవారం రాత్రికి వచ్చేవాడు. అన్నం కంచం ముందు కూర్చునే నిద్రపోయేవాడు. మా అత్తగారు చేతిలోంచి ముద్ద తీసి, చేయి కడిగి పడుకోబెట్టేది. 48 గంటల సంగతి చెబితే "ఆ, అది మంగళవారం మధ్యాహ్నానికే అయిపోతుంది బావా" అన్నాడు. ఇంతా చేస్తే స్టైపెండ్ మూడు నెలలకోసారి. ఇంటి అద్దె మామగారే కట్టేవారు.

2024 జూన్‌లో తెలంగాణ జూడాలు రోడ్డెక్కినప్పుడు పైన ఉన్న డిమాండు ఇంకా ఎక్కువ ఇవ్వమని కాదు, ఇవ్వాల్సింది నెలనెలా ఇవ్వమని. దానికి "గ్రీన్ ఛానెల్" పెట్టమన్నారు. అంటే స్టైపెండ్ ఫైలు నెలనెలా ట్రెజరీలో క్యూలో నిలబడకుండా నేరుగా పోవాలని. మనకి ఒకటో తారీఖు శాలరీ మెసేజ్ పది నిమిషాలు లేటయితే హెచ్ఆర్‌కి మెయిల్ పెడతాం. ఇలాంటి దానికోసం ఓపీలు బంద్ చేయాల్సి రావడమేంటి?

దెబ్బలు తినడం ఇంకో కథ. ఆస్పత్రి సిబ్బంది మీద దాడులు ఆపడానికి 2008లోనే ఉమ్మడి రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చింది. 2020 జూన్‌లో, కరోనా పీక్కు తింటున్న రోజుల్లో, గాంధీలో ఒక రోగి చనిపోతే బంధువులు డ్యూటీ డాక్టర్ని కొట్టారు. జూడాలు రోడ్డు మీద కూర్చున్నారు. చట్టం కాగితం మీద పన్నెండేళ్ళుగా ఉంది అప్పటికి.

జూడాల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది 108 వాళ్ళ సంగతి. ఆ సర్వీసుకి మన ఐటీతో చుట్టరికం కూడా ఉంది కదా. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలుపెట్టింది సత్యం రామలింగరాజుగారి ఈఎంఆర్ఐ. 2009 జనవరి 7న సత్యం బండారం బయటపడ్డాక జీవీకే చేతికి వచ్చింది. 2020లో ఆంధ్ర వైపు అరబిందోకి ఇచ్చారు. బండి మీద పేరు మారుతుంది, రంగు మారుతుంది, లోపల కూర్చునే పైలట్, ఈఎంటీ మాత్రం ఎప్పుడూ కాంట్రాక్టు మనుషులే. (డ్రైవర్ని పైలట్ అంటారు. జీతం మాత్రం డ్రైవరుదే.) జీతం ఆగిపోయిందని అడిగితే సంస్థ "ప్రభుత్వం బిల్లు పాస్ చేయలేదు" అంటుంది. ప్రభుత్వాన్ని అడిగితే "మీరు మా ఉద్యోగులు కాదు, సంస్థని అడగండి" అంటుంది. క్లయింటుకీ వెండరుకీ మధ్య నలిగిన మనవాళ్ళకి ఈ డైలాగులు కొత్తకాదు. సమ్మె అన్నారనుకోండి, అప్పుడు వెంటనే సర్కారుకి వీళ్ళు ప్రజల ప్రాణాలు కాపాడే అత్యవసర సిబ్బంది అని గుర్తొస్తుంది. జీతం దగ్గర కాంట్రాక్టరు మనిషి, సమ్మె దగ్గర సర్కారు మనిషి.

కోర్టుకి పోవచ్చుగా అంటారు. 2003లో తమిళనాడులో జయలలిత సర్కారు సమ్మెకి దిగిన సుమారు 1,70,000 మంది ఉద్యోగుల్ని ఒక్క దెబ్బతో ఇంటికి పంపింది. ఆ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగులకి సమ్మె హక్కు రాజ్యాంగపరంగానే కాదు, చట్టపరంగా, నైతికంగా కూడా లేదంది. చాలామందిని దయతలచి తిరిగి తీసుకున్నారు, అది వేరే విషయం. హక్కు లేదని చెప్పిన కోర్టు, మరి వాళ్ళ గోడు ఎన్ని రోజుల్లో ఎవరు వినాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

బ్రిటన్‌లో ఇంకో దారి పట్టి చూశారు. 2023లో అక్కడ "కనీస సేవల" చట్టం తెచ్చారు: సమ్మె చేసుకోండి, కానీ అంబులెన్సుల్లాంటి వాటిల్లో ఇంతమంది మాత్రం డ్యూటీకి రావాలి అని. వినడానికి భేషుగ్గా ఉంది. ఎవరు రావాలో పేర్లతో సహా యాజమాన్యమే నోటీసు ఇస్తుంది, రాకపోతే ఉద్యోగం ఊడొచ్చు. యూనియన్లు మండిపడ్డాయి. ప్రభుత్వం మారాక 2025లో ఆ చట్టాన్నే రద్దు చేశారు. జాబితా ఒక పక్షం వాళ్ళే రాస్తే రెండో పక్షం నమ్మదు, అంతే.

నన్నడిగితే ఇలా చేయాలి. ఆగకూడని వార్డుల జాబితా, ఎవరెవరు డ్యూటీలో ఉండాలనే రోటా సమ్మె లేని రోజుల్లోనే సంఘాలూ ఆస్పత్రులూ కూర్చుని రాసుకోవాలి. ఆ జాబితాలో ఉన్నవాళ్ళ జీతం, స్టైపెండ్ ట్రెజరీ ఆంక్షలతో పనిలేకుండా ఒకటో తారీఖున పడాలి, కాంట్రాక్టు వాళ్ళదైతే సంస్థ బిల్లుతో సంబంధం లేకుండా. వివాదం వస్తే ముప్పై రోజుల్లో మధ్యవర్తి తేల్చాలి, తీర్పు సర్కారు మీద కూడా పనిచేయాలి. సర్కారు అది అమలు చేయకపోతే ఆ రోజు నుంచి సమ్మె నిషేధం దానంతటదే రద్దయిపోవాలి. ఈ ఆఖరి ముక్క లేకపోతే మిగతాదంతా దండగ. ఎందుకంటే మన దగ్గర కమిటీలకి కొదవలేదు. కమిటీ రిపోర్టు ఏ బీరువాలో ఉందో అడగడానికే మళ్ళీ ఇంకో సమ్మె చేయాల్సి వస్తుంది.

"ఖజానాలో డబ్బుల్లేకపోతే మధ్యవర్తి ఏం చేస్తాడు?" అని మా లంచ్ టేబుల్ పెద్దమనిషి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ అసలు అత్యవసరం అన్న మాటకి అర్థమే అది కదా, డబ్బు తక్కువైనప్పుడు ముందు దేనికి ఇవ్వాలో చెప్పడం. సమ్మె ఆపేటప్పుడు మొదటి వరసలో ఉన్నది బిల్లు చెల్లించేటప్పుడు ఆఖరి వరసకి ఎలా పోతుంది?

ఇంకొకటి కూడా అన్నాడాయన, ప్రాణాలు పోయేది సమ్మెల వల్లేనని. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయాలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. ఆ రాత్రి అక్కడ ఎవరూ సమ్మెలో లేరు. డాక్టర్లు, నర్సులు అందరూ డ్యూటీలోనే ఉన్నారు.

108లోనో, క్యాజువాలిటీలోనో పనిచేసినవాళ్ళు, లేదా ఇంట్లో అలాంటివాళ్ళున్నవాళ్ళు ఇది చదువుతుంటే నాకొక విషయం చెప్పండి. షిఫ్టు అయిపోయి, రిలీవర్ రాలేదనుకోండి. రాతపూర్వకంగా మీరు ఏం చేయాలని ఉంది? నిజంగా ఏం చేస్తారు?