విరిచే ముందు నీళ్లు కాచండి

చందర్లపాడులో మాది మోటారు వైండింగ్ షాపు. పత్తికీ మిరపకూ నీళ్లు పెట్టే మోటార్లు కాలిపోయి వస్తాయి. వాటి మధ్యన ఇప్పుడు బొమ్మలూ వస్తున్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు వేలు పోసి కొనే సూపర్‌హీరో బొమ్మలవి. పండక్కి వచ్చినప్పుడు ఒకటి బల్ల మీద పెట్టి, "మావయ్యా, మోచెయ్యి పట్టేసింది, కాస్త చూడవా" అంటాడు. వాణ్ని చూసి స్నేహితులూ తెస్తున్నారు. వాటిలో చాలావాటికి చెయ్యి అప్పటికే ఊడి ఉంటుంది. బలంగా తిప్పేశారన్నమాట.

నిజానికి జబ్బు చిన్నదే. రంగు వేసేటప్పుడు కీలు సందులోకి దిగి అంటుకుపోతుంది. లేదంటే అచ్చులోనే కీలు బిగువుగా వస్తుంది. బలం పెట్టగానే కీలు కదలదు, లోపలి సన్నటి పుల్ల మెలితిరుగుతుంది. అక్కడ తెల్లటి చార కనబడితే వెంటనే వదిలెయ్యాలి. ఇంకాస్త తిప్పితే విరుగుతుంది.

దీనికి మందు వేడి. నీళ్లు మరిగించి దించి, పొంగు తగ్గాక కీలు మునిగేలా అర నిమిషం ఉంచాలి. తీసి మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. రాకపోతే మళ్లీ ముంచాలి తప్ప పట్టు పెంచకూడదు. కదిలాక చేతిని సరిగ్గా నిలిపి చన్నీళ్లలో పెడితే ఆ రూపంలోనే గట్టిపడుతుంది. లోపల లైట్లు, ఇనప మరలు ఉంటే నీళ్లొద్దు, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ చాలు. లైటర్ మాత్రం వద్దు, ఈ బొమ్మల్లో ఎక్కువగా వాడే పీవీసీ కాలితే వచ్చే ఆమ్లపు పొగ ఊపిరితిత్తులకు చేటు. ఇది పిల్లలకు అప్పజెప్పే పనీ కాదు.

ఇందులో కొత్తేముంది? గడ్డిమంట మీద పైపు కొస కాచి రెండో పైపు దూర్చే మా రైతులకు తెలిసిందే. అదీ పీవీసీయే. గట్టి పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. బొమ్మల పీవీసీలో మెత్తదనం కోసం వేరే రసాయనం కలుపుతారు కాబట్టి ఇంకా తక్కువకే లొంగుతుంది. బొమ్మల్లో వాడే మరో రకం, ఏబీఎస్ ప్లాస్టిక్ మాత్రం వంద దాటితే గానీ లొంగదు. మేలో నందిగామ, జగ్గయ్యపేటల్లో ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో రేకుల షెడ్డులో నిలబెట్టిన పీవీసీ బొమ్మ కాళ్లు వంగి ముందుకు వాలుతుంది.

నా గొడవ ఇక్కడే. ఏ మోటారు తెచ్చినా దాని మీద రేకు ఉంటుంది: ఎన్ని హెచ్‌పీ, ఎన్ని ఓల్టులు, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది. అది చూసే పని మొదలెడతాం. వేల రూపాయల బొమ్మ పెట్టె తిప్పి తిప్పి చూసినా చెయ్యి ఏ ప్లాస్టిక్కో, పుల్ల ఏ ప్లాస్టిక్కో ఉండదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. మంచిదే, కానీ అది 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మల భద్రతకు. బాగుచేసుకునే సంగతి అందులో లేదు. దిగుమతి సుంకం 20 శాతం ఉన్నది 2020లో 60 అయింది, 2023లో 70 అయింది. అంత పోసి కొన్నది చెయ్యి విరిగితే మళ్లీ కొనుక్కోమంటే ఎలా?

దాచుకునే బొమ్మకు కీళ్లెందుకు, పెట్టె విప్పకుండా ఉంచుకోవాలి అనేవాళ్లున్నారు. అలాంటివాళ్లకు మన కొండపల్లి బొమ్మ ఉంది. తెల్ల పొణికి చెక్కతో చేసి, చింతగింజల మక్కుతో అతికిన ఆ చేతులు కదలవు, కదలాలని ఎవరూ అనుకోరు. (దాన్ని పొరపాటున కూడా వేణ్నీళ్లలో ముంచకండి.) కీళ్ల బొమ్మ అలా కాదు. 1964లో హాస్‌బ్రో కంపెనీ జీ.ఐ. జో అనే సైనికుడి బొమ్మను అమ్మిందే చేతులూ కాళ్లూ ఎటు కావాలంటే అటు వంగుతాయని. కదలని కీలును కదిలేదని అమ్మటం నా లెక్కలో సరుకు లోపమే.

పెట్టెలో చిన్న కాగితం పెట్టమనండి: ఏ భాగం ఏ ప్లాస్టిక్కు, ఎంత వేడి తట్టుకుంటుంది, నీళ్లు తగలొచ్చా లేదా. ఇక్కడ అమ్మేవాళ్లు తెలుగులో వేస్తే మరీ మంచిది. ఆ కాగితం లేని బొమ్మ కొనొద్దని మా వాడికి చెప్పాను. వాడు ఆగడనుకోండి. కనీసం కొన్న ప్రతిసారీ కంపెనీకి మెయిల్ పెట్టి అడగమన్నాను.