తాగని నీళ్లకు శుభ్రతెందుకు అనే వాదన తప్పు

"తాగే నీళ్లు వేరే బిందెలో పడుతున్నాం కదా, ఇవి వాడకానికే. డ్రమ్ము కడగకపోతే కొంపలేం మునగవు." ఖరగ్‌పూర్‌లో నింపురా, మథురాకాటీ వైపు మన తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని చోట నీళ్లు పట్టి ఉంచుకోక తప్పదు. నిలవ ఉంచడంలో తప్పేమీ లేదు. నోట్లోకి పోని నీళ్లు ఎలా ఉన్నా పర్వాలేదనుకోవడమే తప్పు.

రైలు పని చేసుకు బతికిన ఊళ్లో ఈ మాట అసలు చెల్లదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వచ్చిన మన పెద్దలు ఇక్కడ ఇంజన్ల మధ్యే బతికారు. ఆవిరి ఇంజను బాయిలరులో నీళ్లు ఎవరూ తాగరు. అయినా షెడ్డులో గడువు ప్రకారం బాయిలరు చల్లార్చి, ప్లగ్గులు విప్పి, గొట్టంతో నీళ్లు కొట్టి లోపలి బురద, పొలుసు కడిగేవారు. అది పేరుకుంటే వేడి నీళ్లకు అందదు, ఇనుము దెబ్బ తింటుంది.

ఇంజను లేకుండా ఎగిరే గ్లైడరు విషయమూ అంతే. పోటీల్లో వేగం కోసం రెక్కల్లో వంద, రెండొందల లీటర్ల నీళ్లు నింపి, దిగే ముందు గాలిలోనే వదిలేస్తారు. కొన్నిటిలో ఆ నీళ్లు సంచుల్లో ఉంటాయి. తడి సంచిని అలాగే వదిలేస్తే పాచి పడుతుంది. ఆ జిగురు వాల్వుకు అడ్డుపడి ఒక రెక్క ఖాళీ అయి, రెండోది నిండుగా ఉండిపోతే పైలట్ ప్రాణానికే ముప్పు. అందుకే ఎవరూ తాగని ఆ నీళ్లను పూర్తిగా వంచేసి, సంచిని ఆరబెడతారు.

మన ఇంటి డ్రమ్ములో ముప్పు ఇంకా దగ్గరిది. డెంగ్యూ దోమ నిలవ నీళ్లలోనే పెరుగుతుంది. నీటిమట్టానికి కాస్త పైన, గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు నెలల తరబడి పొడిగా బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. వేసవిలో కూలరు తొట్టిదీ ఇదే సంగతి. వారం, పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. నీళ్లు మార్చితే చాలదు, గోడ తోమాలి. ఆంధ్రప్రదేశ్‌లో 'ఫ్రైడే డ్రైడే' అని వారానికొక రోజు పెట్టిందీ ఇందుకే.

దోమ ఒక్కటే కాదు. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సమావేశానికి వచ్చినవారికి న్యుమోనియా సోకి ఎంతోమంది చనిపోయారు. దానికి కారణమైన లెజియోనెల్లా బాక్టీరియాను మరుసటి ఏడాది గుర్తించారు. గోరువెచ్చని నిలవ నీళ్లలో పెరిగే ఆ బాక్టీరియా తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు మూసుకుంటే సరిపోదు, ముక్కు మూసుకోలేం కదా.

"బ్లీచింగు వేస్తున్నాం" అనేవారూ ఉన్నారు. బ్లీచింగు మంచిదే. కానీ అడుగున మడ్డి, గోడకు జిగురు ఉంటే క్లోరిను వాటితోనే ఖర్చయిపోతుంది, జిగురు లోపలి క్రిములకు సరిగా చేరదు. పైగా మూత తీసి పెట్టిన పొడి రోజురోజుకీ బలం కోల్పోతుంది. ముందు తోమడం, తర్వాత బ్లీచింగు. ఈ వరస తలకిందులైతే శ్రమంతా వృథా.

ఇక అసలైన అభ్యంతరం: "ఈ ఎర్రమొరం నేల మీద నీళ్లకే కటకట, కడగడానికి ఎక్కడివి?" ఇది న్యాయమైన ప్రశ్న. నిండు డ్రమ్మును పారబోయమని నేననను. అడుగంటిన రోజున తోమండి, ఆ నీళ్లు చెట్లకు పొయ్యండి, రెండు చెంబులతో కడిగి, ఎండలో బోర్లించండి. బిగువైన మూత పెట్టండి. మిద్దె మీది ట్యాంకును కొన్ని నెలలకోసారి ఖాళీ చేసి కడిగే బాధ్యత ఎవరిదో క్వార్టర్ల వాళ్లంతా కూర్చుని తేల్చుకోండి. డెంగ్యూ వచ్చాక ప్లేట్లెట్ల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరగడం కన్నా ఇది చాలా చౌక.