అమ్మీ ఆవాజ్‌ను కాదు, ముందు ఫోన్‌ను చూడండి



మన ఇళ్లల్లో ఫోన్ మైక్ పాడైతే మాటలు పడేది ఫోన్‌కు కాదు, పెద్దవాళ్లకు. "అమ్మీ, కొంచెం గట్టిగా మాట్లాడు." "అబ్బా, ఫోన్ సరిగ్గా పట్టుకో." "నానీకి ఫోన్ వాడటమే రాదు." ఇదీ వరస. నాలుగు రోజులు పోయాక "కొత్త ఫోన్ కొనేద్దాం" అంటారు. ఈ రెండూ గలత్ అని నా రాయ్. పెద్దవాళ్లను ఒక మాట అనే ముందు, జేబులోంచి పైసలు తీసే ముందు పది నిమిషాలు తహకీక్ చేయాలి. అది ఇంట్లో చదువుకున్న పిల్లల జిమ్మేదారీ.

మైక్‌తో ఒక చిక్కుంది. స్పీకర్ పాడైతే ఫోన్ పట్టుకున్న మనిషికే తెలుస్తుంది. మైక్ పాడైతే ఆ మనిషికి తెలియదు. అమ్మీకి కొడుకు మాట సాఫ్‌గా వినిపిస్తూనే ఉంటుంది. తన మాట అవతలికి పోవడం లేదని ఆమెకు ఎలా తెలుస్తుంది? రాయచోటి, కడప వైపు కువైట్‌లో మనిషి ఉన్న ఇళ్లు ఎన్నో. అక్కడ కొడుకు డ్యూటీ ముగించుకుని, అలసిపోయి ఫోన్ చేస్తాడు. నాలుగుసార్లు "హలో, హలో" అంటాడు. "మళ్లీ చేస్తాలే" అని పెట్టేస్తాడు. ఇలా పదిసార్లు జరిగితే అమ్మీ తనంతట తాను ఫోన్ చేయడం మానేస్తుంది. "నా మాట వాడికి అర్థం కావట్లేదు, ఎందుకు తక్లీఫ్ ఇవ్వడం" అనుకుంటుంది. పైసల నుక్సాన్ కంటే ఇది పెద్ద నుక్సాన్.

కాబట్టి మొదటి సవాల్ ఇది: "ఏంటీ? ఏంటీ?" అని అడుగుతున్నది ఎవరు? అమ్మీ అడుగుతుంటే స్పీకర్ చూడాలి, అదీ బాగుంటే ప్రేమగా చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అవతలివాళ్లు అడుగుతుంటే అమ్మీ ఫోన్ మైక్ చూడాలి.

ఫోన్లో మైక్ ఒకటే ఉంటుందని చాలామంది ఖయాల్. ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా రెండు లేదా అంతకంటే ఎక్కువ ఉంటాయి. ఒకటి కింద, చార్జింగ్ పెట్టే చోటు పక్కన. ఇంకొకటి పైన. కొన్నింటిలో వెనక కెమెరా దగ్గర మరొకటి. చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడితే మన ఆవాజ్ ముఖ్యంగా కింది మైక్‌లోకి పోతుంది. పైన ఉన్నది చుట్టూ ఉన్న షోర్ తగ్గించడానికి పనికొస్తుంది. వీడియో తీసేటప్పుడు వేరే మైక్ పనిచేయవచ్చు. అందుకే "వీడియోలో ఆవాజ్ వస్తోంది కదా, మైక్ బాగానే ఉంది" అనడం జల్దీబాజీ.

ముందు ఫోన్ కవర్ తీసేయండి, కింది చిల్లు మూసుకుపోయిందేమో చూడండి. బ్లూటూత్ ఆపేయండి. పక్క గదిలో మనవడి దగ్గరున్న ఇయర్‌ఫోన్‌కు అమ్మీ ఫోన్ కలిసి ఉంటే, అమ్మీ ఇక్కడ ఎంత అరిచినా లాభం లేదు. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయండి. ఇప్పుడు వాయిస్ రికార్డర్‌లో అర నిమిషం మామూలుగా మాట్లాడి వినండి.

రికార్డింగ్ సాఫ్‌గా ఉందంటే మైక్ జిందా ఉన్నట్టే. తప్పు యాప్‌లోనో నెట్‌లోనో ఉంది. వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపి చూడండి. అందులో ఆవాజ్ లేకపోతే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో వాట్సాప్, అందులో పర్మిషన్స్ తెరిచి మైక్రోఫోన్‌కు ఇజాజత్ ఉందో లేదో చూడండి. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి అక్కడి వాళ్లతో బోటిమ్‌లో మాట్లాడే ఇళ్లున్నాయి. ప్రతి యాప్‌కూ ఇజాజత్ వేరేగా ఇవ్వాలి, ఒకదానికిస్తే ఇంకొకదానికి రాదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లన్నింటికీ ఒకేసారి మైక్ ఆపేసే బటన్ కూడా వచ్చింది. పిల్లలు ఆడుతూ దాన్ని నొక్కేసి ఉండొచ్చు. మామూలు కాల్ బాగుండి, వాట్సాప్ కాల్ మాత్రమే తెగిపోతుంటే కసూర్ నెట్‌ది, మైక్‌ది కాదు.

రికార్డింగ్ కూడా గరగరమంటే, లేదా ఏదో బావిలోంచి మాట్లాడినట్టు ఉంటే చిల్లులో గర్దా చేరి ఉంటుంది. రొట్టెలు చేసే చేతుల పిండి, జేబులోని నూగు, పౌడర్, ఏదైనా కావచ్చు. మెత్తటి, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా తుడవండి. సూది మాత్రం పెట్టకండి. సిమ్ తీసే పిన్నును పొరపాటున మైక్ చిల్లులో గుచ్చే ప్రమాదమూ ఉంది, రెండు చిల్లులూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. లోపలి పొర చాలా నాజూకు, చిరిగితే ఖతమ్. నీళ్లు పోయుంటే చార్జింగ్ పెట్టకుండా, చిల్లు కిందికి ఉండేలా పట్టి ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టొద్దని ఆపిల్ కంపెనీయే చెబుతోంది, నలుసులు లోపలికి పోతాయట. బాస్మతి బిర్యానీకే ఉంచండి.

"ఇదంతా ఎందుకు, దుకాణంలో ఇస్తే వాళ్లే చూస్తారు కదా" అనేవాళ్లున్నారు. రిపేరు చేసే వాళ్ల హునర్ మీద నాకు ఇజ్జత్ ఉంది. ఆ పని మీద హలాల్ రోజీ సంపాదిస్తున్న మన పిల్లలు ఎందరో. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌లో ఒక గంట నిలబడితే వాళ్ల చేతివాటం ఏమిటో తెలుస్తుంది. కానీ "ఫోన్ పనిచేయట్లేదు" అని ఇవ్వడం వేరు, "రికార్డింగ్‌లో కింది మైక్ పట్టుకోవట్లేదు, ఇజాజత్‌లు చూశాను, తుడిచాను" అని చెప్పడం వేరు. చాలా ఫోన్లలో కింది మైక్ చిన్న చార్జింగ్ బోర్డు మీదే ఉంటుంది. అలాంటి ఫోన్‌కు ఆ బోర్డు మారిస్తే సరిపోవచ్చు. ఆ మాట అడగడానికి షరమ్ పడకండి. కొత్త ఫోన్ కొనడం ఆఖరి మాట, మొదటి మాట కాదు.

ఇంకొకటి. ఫోన్ అంటే ఇప్పుడు ఇంటి అమానత్. ఆడపిల్లల ఫొటోలు, బ్యాంకు యాప్‌లు అన్నీ అందులోనే. లాక్ నంబర్ కాగితం మీద రాసి దుకాణంలో ఇచ్చి రావడం మంచి ఆదత్ కాదు. చాలా శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్ ఉంది, అది ఆన్ చేస్తే మన సామాను కనిపించదు. అది లేని ఫోన్ అయితే ఎదురుగా కూర్చుని చేయించుకోండి. బయటికి వచ్చే ముందు అక్కడే రికార్డు చేసి, అక్కడి నుంచే ఒక కాల్ చేసి చూసుకోండి.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఫోన్ పక్కన పెట్టేయకుండా ఈ పని చేయండి. అమ్మీ ఫోన్‌లో ఆమెతోనే అర నిమిషం మాట్లాడించి, ఆమెకే వినిపించండి. ఆవాజ్ బాగా లేకపోతే "తప్పు నీది కాదు అమ్మీ, ఫోన్‌ది" అని చెప్పండి. ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తోందో మనకు తెలియదు.

ఖుదా హాఫిజ్.