జేబులోని చాకు, నోటిలోని మాట

మొన్న మన సంఘ కార్యాలయమునకు పుస్తకముల కట్ట యొకటి వచ్చినది. పురికొస ముడి ఎవరి వ్రేళ్ళకును లొంగలేదు. అక్కడనున్న యువకుడొకడు జేబునుండి మడతచాకు తీసి, ఒక్క కోతతో త్రాడు తెంచి, అలుగును గుడ్డతో తుడిచి, మరల మడిచి జేబులో వేసికొనెను. ప్రక్కనున్న పెద్దమనిషి మొగము చిట్లించి, "కత్తి పెట్టుకొని తిరుగుతున్నావేమిటోయ్?" అనిరి. అతడు సిగ్గుపడి, "పండ్లు కోసుకోవడానికండీ, బాబాయిగారూ" అనెను. మేము ఆ చాకును చూపుమని అడిగితిమి. అది చేతులు మారుచుండగా మాటయు పెరిగినది. మొగము చిట్లించిన ఆ పెద్దమనిషియే తన తండ్రిగారి చాకును తలచుకొని, దాని పిడిని గూర్చియు, దానిని నూరిన సానను గూర్చియు అరగంటసేపు చెప్పిరి. ఆ అరగంటలో విన్న తెలుగుమాటలు కొన్ని మా పిల్లల నోట మే మెన్నడును వినలేదు. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు కారణ మదియే.

మంచి చాకొకటి జేబులో నుండుట తప్పు కాదనియు, అది కలవారు కలిసికొన్నపుడు దానిని గూర్చి ముచ్చటించుకొనుట కాలక్షేపము మాత్రమే కాదనియు మా యభిప్రాయము.

ముందు భయము సంగతి. చాకనగానే రౌడీతనము గుర్తుకు వచ్చుట మనలో పాతుకొన్న అపోహ. 1959 నాటి ఆయుధచట్టము క్రింద 2016లో ఏర్పడిన నిబంధనలు ఆయుధముగా లెక్కించునవి తొమ్మిది అంగుళములకు మించిన పొడవో, రెండంగుళములకు మించిన వెడల్పో గల అలుగులను. అందును ఇంటిపనికి, సేద్యమునకు, వృత్తిపనులకు చేసినవానిని మినహాయించినవి. మనము చెప్పుచున్న చాకు అలుగు మూడంగుళములు. అయినను విమానములోనికి, మెట్రో రైలులోనికి, న్యాయస్థానములోనికి దానిని తీసికొని పోరాదు. ఊరిలో నిషేధాజ్ఞలున్న దినములలో ఇంటనే యుంచవలెను. కోపమున్నవాని చేతిలో చాకు ఉండరాదనుట చట్టము చెప్పకున్నను పెద్దలు చెప్పెడి మాటయే.

ఇక మంచి చాకనగా ఏది? ఖరీదైనది కాదు, నూరుటకు తగినది. అలుగు తెరచినపుడు అటునిటు ఊగరాదు. మూసినపుడు మొన పిడిలో పూర్తిగా దాగవలెను. ఫ్రాన్సు దేశపు సవాయ్ సీమలో 1890లో జోసెఫ్ ఒపినెల్ రూపొందించిన రైతుచాకు ఇందుకు చక్కని ఉదాహరణము. కఱ్ఱపిడి, ఒక అలుగు, ఒక చీల, ఒక పొన్ను; అంతే. 1955లో ఆ పొన్నుపై తిరుగు కట్టొకటి చేర్చి, అలుగు వ్రేళ్ళపై మూసికొనకుండ చేసిరి. స్విట్జర్లాండు దేశమున కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యమునకు చాకులందించి, 1897లో అధికారుల చాకును తయారుచేసెను. వెనుకబద్ద యొక్కటియే రెండు ప్రక్కల పనిముట్లను పట్టి యుంచుట ఆయన చూపిన నేర్పు. ఈ రెండును నేటికిని తయారగుచునే యున్నవి.

సాదా ఉక్కు అలుగు త్వరగా పదునెక్కును; కాని మామిడికాయ కోసి తుడువక మడిచితిరా, తెల్లవారుసరికి నల్లబారును, పిదప తుప్పు పట్టును. తుప్పుపట్టని ఉక్కు అంత జాగ్రత్త కోరదు. ఏదైనను సానపై పదునైదు ఇరువది డిగ్రీల వాలున, రెండు వైపుల సమముగా నూరవలెను. తుడిచి, ఆరబెట్టి, చీలవద్ద నూనె చుక్క వేయవలెను. సాదా ఉక్కా, తుప్పుపట్టనిదా యను వాదము చాకులవారి మధ్య ఎన్నటికిని తెగదు. తెగకుండుటయే మేలు, ఆ వాదములోనే పనితనము ఒకరినుండి మరియొకరికి అందుచున్నది.

ఈ వస్తువు మనకు పరాయిదని ఎవరును తలపరాదు. తాటాకులపై వ్రాసిన దక్షిణదేశపు లేఖకుల గంటములలో కొన్నిటికి ఒక కొనను వ్రాయు మొన, మరియొక కొనను ఆకు కోయు కత్తి యుండెడివి. మడిచి పిడిలో దాచుకొనునవియు కలవు. నిజామాబాదు జిల్లా కోనసముద్రపు మూసల ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. తమిళదేశమున సేలము ప్రాంతమునను అట్టి ఉక్కు తయారైనది. కన్నడసోదరులకును మనకును ఉమ్మడియైన ఉక్కు అను మాటయే ఇంగ్లీషున 'వూట్జ్' అయినదని పలువురు పండితుల మతము. ఆ ఉక్కును గూర్చి జార్జి పియర్సన్ 1795లో లండను రాయల్ సొసైటీకి పత్రము సమర్పించెను. కత్తులు చాకులు చేయుటలో పేరుపొందిన జేమ్స్ స్టోడార్ట్ ఐరోపా ఉక్కుకంటె దీనినే మెచ్చుకొనెను. ఉక్కు అను మాట ఇక్కడనుండి అటు పోయినది. చాకు అను మాట పారసీకమునుండి ఇటు వచ్చి, తెలుగు, కన్నడ, మరాఠీ ఇండ్లలో సమముగా స్థిరపడినది. కత్తి అన్నచో తమిళ సోదరులకును అర్థమగును.

ఇప్పుడు అసలు విషయము. పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన ఇండ్లలో తెలుగు వంటయింటికి, పూజగదికి, పెండ్లిపందిరికి పరిమితమగుచున్నది. పనిముట్ల మాటలు ముందుగా జారిపోవుచున్నవి. అలుగు, వాదర, మొన, పొన్ను, చీల, ఒర, సాన: వీనిలో మన పిల్లల కెన్ని తెలియును? "మొక్కవోని ధైర్యము" అని ఉపన్యాసములలో చెప్పుదుము. మొక్కవోవుట యనగా వాదర మొద్దుబారుట యని ఎందరు ఎరుగుదురు? "వాడిగా మాటలాడెను," "బుద్ధికి పదును పెట్టెను" అందుము. పదును పెట్టుట చేతితో చేసి చూచినవారెందరు? వాడి పారవేయు ప్లాస్టికు చాకును ఎవరును నూరరు. నూరనివానికి సాన యను మాటతో పని లేదు. పని పోయిన మాట నిఘంటువులో నిలుచునేమో గాని నోట నిలువదు.

పాఠశాలలు, ఉపాధ్యాయులు, పాఠ్యపుస్తకములు, వీనికై మన సంఘములు పోరాడవలసి యుండగా చాకుల ముచ్చట యేల యని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఆ పోరాటమును ఒక్క దినమైన ఆపుమని మే మనము. కాని బడి అక్షరము నిచ్చును. పని పేరును పని చేయువారే ఇయ్యవలెను. దానికి ప్రభుత్వపు ఉత్తర్వు అక్కరలేదు, విన్నపపత్రము అక్కరలేదు. తాతగారు మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, సానపై నీళ్ళు చల్లి, "ఇది వాదర, ఇది వెన్ను, వ్రేలు ఇక్కడ పెట్టరాదు" అనిన చాలును. పిల్లలకు చాకు పట్టు పద్ధతి భయముతో గాక జాగ్రత్తతో తెలియును. మాటయు దానితోనే వచ్చును.

కావున మా మనవి యిది. రాబోవు నెల సమావేశమున కార్యక్రమము ముగిసిన పిమ్మట అరగంట కేటాయింతురు గాక. చాకు, అడకత్తెర, కత్తిపీట, ఎవరి యింట ఏది యున్న దానిని తెండు. ఏ భాగమును మీ యింట ఏమందురో చెప్పుడు. హోసూరువారి మాట బరంపురమువారి మాటకంటె వేరైనచో రెంటిని వ్రాసికొందము. ఏది సరియని తగవులాడవలదు.

ఒక ఒరలో రెండు కత్తు లిమడవని సామెత. పెద్దకత్తుల విషయమున అది నిజము కావచ్చును. జేబుచాకు పిడిలో రెండు మూడు అలుగులు ఒద్దికగా నుండుట మనము ప్రతిదినము చూచుచున్నాము. రాష్ట్రభాషయు ఇంటిభాషయు కలిసి పెరిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. అయితే తెరువక యుంచిన అలుగు చీలవద్ద బిగిసిపోవును. అప్పుడప్పుడు తెరచి, తుడిచి, నూరుచుండవలెను.