వాసాలు లెక్కపెట్టినవాడు

ఒక సమాజంలో ఉండి, తరువాత దాన్నే బహిరంగంగా విమర్శించినవాణ్ణి ‘తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టాడు’ అని ఈసడించడం మనవారికి అలవాటు. మా నగరి గోష్ఠుల్లోనూ ఈ మాట విన్నాను. ఇందులో పస లేదంటాను. ఏ వాసం పుచ్చిందో ఇంట్లో ఉన్నవాడికి తెలిసినట్టు వీధిన పోయేవాడికి తెలుస్తుందా?

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తినే చూడండి. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజపు పెద్దలు ఆ బాలుణ్ణి రాబోయే జగద్గురువుగా ఎంచుకున్నారు. 1911లో ఆయన అధిపతిగా నక్షత్ర సంఘం వెలసింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, అనీబిసెంటు సమక్షంలో, సుమారు 3000 మంది సభ్యుల ఎదుట ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సంస్థలు మనిషిని సత్యానికి చేర్చలేవన్నాడు. సంఘానికి వచ్చిన ఆస్తులను దాతలకు తిరిగి ఇచ్చాడు.

ఇది కృతఘ్నతా? కృతఘ్నుడు గద్దె దిగడు. నమ్మకం పోయినా పాదపూజలు అందుకుంటూనే ఉంటాడు.

ఆయన పటానికి దండలు వేసేవారితోనూ నాకు పేచీ ఉంది. గురువు వద్దన్నవాణ్ణి గురువును చేయడం ఆ విమర్శను పూడ్చిపెట్టడమే. పైగా ఆయన ప్రధానంగా మనసు చెరను గురించే మాట్లాడాడు. భూమి, కూలి ఆయన ప్రసంగాలకు కేంద్రం కాలేదు. ఆ వాసాలు లెక్కపెట్టవలసింది మనమే.