గెలుపెవరిది?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అధ్యక్షుని యెన్నిక నాలుగేండ్ల కొకమారు జరుగును. ఆ సమయము సమీపించినప్పుడెల్ల ఎవరు గెలుతురు, ఎవరు ఓడుదురు అను చర్చ ఆ దేశమునందేకాక మన పత్రికలలోను, మన రచ్చబండలమీదను సాగుచునే యుండును. పందెము కాయుట సులభము. అభ్యర్థుల బలాబలములను తూచుట కష్టము. ఈ తూకమునందు ఎంతటి నిపుణులైనను ఎట్లు పొరపడుదురో 1948వ సంవత్సరపు ఎన్నిక లోకమునకు చాటెను. ఆ యెన్నికను మరల పరిశీలించుట నిష్ప్రయోజనము కాదని మేము తలంచుచున్నాము.

రూజ్‌వెల్టు 1945 ఏప్రిలు 12వ తేదీన మరణింపగా ఉపాధ్యక్షుడుగా నున్న హారీ ట్రూమన్ ఆ పదవి నధిష్ఠించెను. మరుసటి సంవత్సరమే కాంగ్రెసు ఉభయ సభలును ప్రతిపక్షమైన రిపబ్లికనుల వశమయ్యెను. 1948 జూలైలో ఫిలడెల్ఫియా నగరమున కూడిన డెమోక్రాటిక్ మహాసభ నల్లజాతివారి పౌరహక్కులను సమర్థించుచు తీర్మానించెను. అంతట దక్షిణాది ప్రతినిధులు కొందరు సభ విడిచిపోయిరి. పిదప దక్షిణ కరొలైనా గవర్నరు స్ట్రాం థర్మండు వేరు అభ్యర్థిగా నిలిచెను. మాజీ ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ సోవియట్ రష్యాతో సఖ్యము కోరుచు ప్రోగ్రెసివ్ పక్షమున నిలిచెను. ఇట్లు ట్రూమన్ ఇల్లు మూడు ముక్కలు కాగా, రిపబ్లికను అభ్యర్థి, న్యూయార్కు గవర్నరు థామస్ డ్యూయీ ఇల్లు చెక్కుచెదరక నిలిచెను. ఇక గెలుపెవరిదని యడుగనేల?

నిపుణులు నట్లే తలంచిరి. ప్రజాభిప్రాయ సేకరణమున ప్రసిద్ధుడైన ఎల్మో రోపర్ ఎన్నికకు ఏడు వారములకు పైగా గడువుండగానే డ్యూయీ గెలుపు నిశ్చయమని ప్రకటించెను. గాలప్ సంస్థవారి తుది యంచనాలో డ్యూయీకి నూటికి 49.5, ట్రూమన్‌కు 44.5 వంతుల వోట్లు కానవచ్చెను. షికాగో డైలీ ట్రిబ్యూను పత్రిక తన తొలి ప్రతులలో ట్రూమన్ ఓడెనని పెద్ద యక్షరములతో అచ్చొత్తెను. తీరా లెక్కింపు ముగియునప్పటికి ట్రూమన్‌కు నూటికి 49.6, డ్యూయీకి 45.1 వంతులు లభించెను. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికను చేతబట్టి నవ్వుచున్న ఛాయాపటము పత్రికా రచయితల కందరకు శాశ్వతమైన హెచ్చరిక. ఆ హెచ్చరిక మాకును వర్తించును.

పొరపాటెచ్చట జరిగెను? నిపుణులు నాయకులను తూచిరి. ప్రజల కష్టసుఖములను తూచలేదు. ఆ శరత్కాలమున పంట పుష్కలముగ పండి మొక్కజొన్న ధర పడిపోయెను. ప్రభుత్వము ధాన్యమును నిలువచేయుటకు కొత్త గిడ్డంగులు సమకూర్చుకొనకుండ రిపబ్లికను కాంగ్రెసు అడ్డుకట్ట వేసియుండెను. మద్దతు ధర చట్టములో నున్నను రైతుకు అందలేదు. 1944లో డ్యూయీని గెలిపించిన అయోవా, విస్కాన్సిన్, ఒహాయో రాష్ట్రములు ఈమారు ట్రూమన్‌వైపు మొగ్గెను. కార్మిక సంఘముల నణచు టాఫ్ట్-హార్ట్లీ చట్టమును 1947లో ఆయన నిరాకరించుటను కార్మికులు మరువలేదు. డ్యూయీ ఎవరి మనస్సును నొప్పింపని మాటలతో కాలము గడుపుచుండగా, ట్రూమన్ రైలుబండి వెనుక నిలిచి ఊరూర ప్రజలతో సూటిగ మాటలాడెను.

ఇంకొక సంగతి కలదు. అమెరికాలో అధ్యక్షుని ఎన్నుకొనునది రాష్ట్రములవారీగా ఏర్పడిన ఎలక్టరులు. ఆనాడు మొత్తము 531 మంది. గెలుపునకు 266 మంది కావలెను. ట్రూమన్‌కు 303, డ్యూయీకి 189, థర్మండునకు 39 దక్కెను. వాలెస్ కొక్కరును దక్కలేదు. అయినను న్యూయార్కులో అతడు చీల్చుకొన్న సుమారు 5 లక్షల వోట్లవలన ఆ రాష్ట్రపు 47 మంది ఎలక్టరులు డ్యూయీ పరమైరి. ఒహాయో, కాలిఫోర్నియా, ఇల్లినాయి రాష్ట్రములు మూడింటను కలిపి ట్రూమన్ ఆధిక్యము 60 వేల వోట్లకు లోపే. ఆ మూడును చేజారినచో డ్యూయీ 267 మందితో అధ్యక్షుడై యుండెడివాడు! నేడు ఎలక్టరులు 538 మంది, కావలసినవారు 270. 2000లోను, 2016లోను దేశము మొత్తముమీద తక్కువ వోట్లు వచ్చినవారే అధ్యక్షులైరి. దేశమంతటి వోట్లను ఒకే తక్కెడలో వేయువారి లెక్క ఇందుచేతనే తప్పుచుండును.

అయితే ఏ యంచనాకును అందని వోటరు మరియొకడు కలడు. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారిని వోటు పన్నుతోను, అక్షరాస్యతా పరీక్షలతోను, బెదిరింపులతోను వోటుపెట్టెకు దూరముగ నుంచిరి. అలబామాలో దేశాధ్యక్షుడైన ట్రూమన్ పేరే వోటుచీటీమీద లేకుండెను. సైన్యమున జాతి భేదము కూడదని 1948 జూలై 26న ఆయన ఆజ్ఞ జారీచేసెను. దక్షిణాదిలో నష్టపడినను ఉత్తరాది నగరములలోని నల్లజాతి వోటరుల యాదరమును బడసెను. బలహీనతయని అందరు లెక్కించిన చీలికయే ఒక విధముగ ఆయనకు బలమయ్యెను. నిరక్షరాస్యులు అధికముగా నున్న మన దేశము 1950 రాజ్యాంగముతో వయోజనులందరకు వోటు నొసగగా, సంపన్నమైన అమెరికాలో నల్లజాతివారి వోటునకు గట్టి చట్టము 1965 వరకు రాలేదు. ఇది మనము గర్వించుటకుమాత్రమే కాదు, మన హక్కును కాపాడుకొనుటకు జ్ఞప్తియందుంచుకొన దగినది.

కావున ఎన్నికల జోస్యము వినునప్పుడు పాఠకులు మూడు ప్రశ్నలు వేయవలెనని మా మనవి. ఈ లెక్క ఏ రాష్ట్రములది? ఏ దినమున ముగిసినది? ఇందులో ఎవరిని అడుగలేదు? కడపటి ప్రశ్నయే ముఖ్యమైనది. అడుగబడనివాడు లేనివాడు కాడు. వాని తీర్పు వోటుపెట్టెలో నుండును. పెట్టె తెరచువరకు గెలుపెవరిదో చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు.