ఆ రక్తమే కదా?

గత నెల ఒక తల్లి మా వద్దకు వచ్చారు. కుమార్తెకు సంబంధం వచ్చింది. అబ్బాయి నమాజు తప్పనివాడు, వడ్రంగం పనిలో స్థిరపడినవాడు. అయితే అతని చిన్నతనంలోనే తండ్రి తాగుడుతో కాలేయం పాడై మరణించారు. “మౌలానా, ఇతనిదీ ఆ రక్తమే కదా?” అని ఆమె ప్రశ్న. ఇరవై ఏళ్ళ క్రితం ఇటువంటి ప్రశ్నకే మేము తొందరపడి “వద్దు” అన్నాము. ఈసారి వారం గడువు అడిగాము.

ఆమె భయం ఉత్తది కాదు. డెన్మార్కులో పుట్టిన కొద్ది వారాలకే దత్తతకు వెళ్ళిన కుమారులను డొనాల్డ్ గుడ్విన్ బృందం పరిశీలించి, 1973లో ఫలితాలు ప్రకటించింది. కన్నవారిలో ఒకరు మద్య వ్యసనపరులైన 55 మందిలో 10 మంది, పరాయి ఇంట పెరిగినా, ఆ వ్యసనానికి లోనయ్యారు. ఇతరులలో ఇది 78 మందికి 4 మాత్రమే. వారసత్వం ఉన్నదన్నమాట. కానీ ఆ 55 మందిలో 45 మంది తాగుబోతులు కాలేదు కదా! ఈ అంకెను ఎవరూ పెళ్ళిచూపులలో ప్రస్తావించరు.

జపాను సంగతి మమ్మల్ని మరింత ఆలోచింపజేసింది. అక్కడ చాలామందిలో ఏఎల్‌డీహెచ్2 అనే జన్యువు ఒక ప్రత్యేక రూపంలో ఉంటుంది. మద్యం విరిగినపుడు పుట్టే విషపదార్థం వారి శరీరం నుండి త్వరగా పోదు. ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వికారం పుడుతుంది. పుట్టుకతో వచ్చిన కంచె అది. అయినా అక్కడి మద్య వ్యసనపరులలో ఈ రూపం కలిగినవారు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992లో 13 శాతం అని పరిశోధకులు లెక్క తేల్చారు. పదమూడేళ్ళలో ఒక జాతి జన్యువులు మారవు. మారినది సహవాసం, తాగమని బలవంతపెట్టే మర్యాద.

కంచె ఉన్నవారే పడిపోగా, కంచె లేనివాడు నిలబడలేడని ఎలా అంటాము? మొదటి చుక్క ముట్టనివానిని ఏ జన్యువూ తాగుబోతును చేయజాలదు. కొంచెమైనా హరామే అన్న ఆదేశం ఇటువంటి కుటుంబానికి మరింత రక్ష.

అందుచేత రక్తం సంగతి విడిచి, అతని స్నేహితులెవరో విచారించమన్నాము. మరొక మాట కూడా చెప్పాము. ఊరంతటికీ తెలిసిన ఆ మరణాన్ని అబ్బాయికి మాత్రం “కామెర్లు” అని చెప్పి పెంచారట. మన ఇళ్ళలో ఎన్ని మరణాలకు ఈ పేరు పెట్టామో! తన ప్రమాదం ఎంతో తెలియనివాడు జాగ్రత్త పడేదెలా? ఇంటి పెద్దలు అతనికి నిజం చెప్పాలి.

“మా అమ్మాయికి కూడా చెప్పమంటారా?” అని ఆమె అడిగారు.

నిర్ణయం అడిగే ముందే చెప్పమన్నాము.